విత్తనం, నీరు: దిగువ కృష్ణా డెల్టాలో వ్యవసాయ, జలసాగు పరిశోధనల చరిత్ర

వ్యాస సంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలు కృష్ణా డెల్టాకు శివారు. కాలువ నీరు చివరగా చేరేదీ, సముద్రపు ఉప్పు మొదటగా తాకేదీ ఇక్కడే. గత నూరేళ్లలో ఈ నేల కోసం, ఈ నేల మీద జరిగిన వరి, మినుము, చేప, రొయ్య పరిశోధనల క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి సంకటానికీ పరిశోధన ఒక కొత్త విత్తనాన్ని సమాధానంగా ఇచ్చిందనీ, ఆ విత్తనాలన్నీ పంచుకొనే నీటిని గురించిన పరిశోధన మాత్రం అరుదుగా, విడివిడిగా సాగిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సేద్యపు మాటల్లో వచ్చిన మార్పును ఈ చరిత్రకు ఒక సాక్ష్యంగా గ్రహించింది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, దివిసీమ, చౌడు, వరి వంగడాలు, మినుము, చేప విత్తనం, రొయ్యల సాగు, మడ అడవులు, మురుగు కాలువ.

1. ఉపోద్ఘాతం

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలై సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల నడుమ ఉన్న నేల దివిసీమ. దానికి ఈశాన్యంగా బందరు తీరం, ఇంకా లోపలికి గుడివాడ నల్లరేగడి పొలాలు, వాటిని దాటితే కొల్లేరు. ఈ మూడు ప్రాంతాలనూ కలిపేది కాలువ, మురుగు కాలువ. ఎగువ పొలం వదిలిన నీరే దిగువ పొలానికి ఆధారం. అందువల్ల ఇక్కడ ఏ రైతు సమస్యా అతని గట్టుతో ఆగదు.

డెల్టా చరిత్రను రాసినవారు ఎక్కువగా ఆనకట్టను, జమీందారీలను, ఉద్యమాలను, తుపానులను గురించి రాశారు. పరిశోధన కేంద్రాల చరిత్ర ఆయా సంస్థల నివేదికలలో వంగడాల పట్టికగా మిగిలింది. ఆ పట్టికను రైతు పొలంలోని క్రమంతో కలిపి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. వరికి ఒక కేంద్రం, మినుముకు ఒకటి, చేపకు మరొకటి, రొయ్యకు ఇంకొకటి ఏర్పడ్డాయి. ఒకే ఎకరం ఇరవై ఏళ్ల వ్యవధిలో ఈ నాలుగింటినీ చూసిన సందర్భాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఆ ఎకరాన్ని మొత్తంగా చూసే బాధ్యత ఏ ఒక్క కేంద్రానికీ లేదు. ఈ ఎడం ఎలా ఏర్పడింది, దాని ఫలితాలు ఏమిటి అనేవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు.

2. ఆనకట్ట, మురుగు, చౌడు

1832–33 నాటి డొక్కల కరువు తరువాత కృష్ణపై ఆనకట్ట ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ సమర్థించిన ఈ పథకాన్ని చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. దాని స్థానంలో 1954–57 మధ్య నిర్మించిన ప్రకాశం బ్యారేజీ కింద నేడు సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఆనకట్ట డెల్టాకు నీటిని మాత్రమే ఇవ్వలేదు, ఒక సరిహద్దును కూడా ఇచ్చింది. తీరానికి దగ్గరి నేలల్లో అడుగున ఉప్పునీరు ఉంటుంది. పైన కాలువ నీరు నిలిచినంత కాలం ఆ ఉప్పు కిందికి అణగి ఉంటుంది. నీరు ఆలస్యమైతే, ఎండ ముదిరితే, తేమతోపాటు ఉప్పు పైకి పాకి తెల్లటి పూతగా తేలుతుంది. రైతు దానినే చౌడు అంటాడు. మరోవైపు నీరు ఎక్కువై మురుగు దిగకపోతే కూడా భూగర్భ జలమట్టం పెరిగి ఉప్పు వేళ్లను చేరుతుంది. కాబట్టి డెల్టా శివారులో సాగు రెండు పనుల మీద ఆధారపడింది. మంచినీరు సకాలంలో రావాలి, మురుగు సకాలంలో పోవాలి.

రెండో పనిని ప్రభుత్వం ఆలస్యంగా గుర్తించింది. 1960లలో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. 1968లో డెల్టా ప్రాంతాలకు మురుగు పన్ను చట్టం వచ్చింది. అంటే సాగునీటి కాలువలు తవ్విన నూరేళ్లకు మురుగు ఒక చట్టబద్ధమైన విషయమైంది. ఈ వ్యవధి తరువాతి చరిత్రకంతటికీ పీఠిక.

సముద్రం ఈ సరిహద్దును రెండుసార్లు పూర్తిగా చెరిపివేసింది. 1864 నవంబరు 1 నాటి తుపానులో మచిలీపట్నం పరిసరాల్లో దాదాపు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ, దాని చుట్టుపక్కల అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. ఉప్పెన తీసిన తరువాత పొలాలు, మంచినీటి చెరువులు ఉప్పుతో మిగిలాయి. మనుషులను కాపాడే తుపాను రక్షణ భవనాలు, తీరం వెంట సరుగుడు తోటలు, మెరుగైన హెచ్చరిక వ్యవస్థ ఆ విషాదం నుంచి వచ్చాయి. నేలలో చేరిన ఉప్పుకు మాత్రం సమాధానాన్ని విత్తనంలోనే వెతకవలసి వచ్చింది.

3. వరి విత్తనం: మార్టేరు, బాపట్ల, మచిలీపట్నం

తెలుగు డెల్టాల వరి పరిశోధనకు మూలస్థానం 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు కేంద్రం. తొలి దశాబ్దాలలో అక్కడ జరిగిన పని ప్రధానంగా స్థానిక వంగడాల నుంచి మేలైన మొక్కలను ఏరడం. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్ కేంద్రంగా ఇండికా, జపానికా వరులను సంకరపరచే పథకాన్ని నడిపింది. ఆ పథకపు సంకరాల నుంచి మలేషియాలో ఎంపికై 1965లో విడుదలైన మసూరి ఆంధ్ర తీరానికి చేరి ఇక్కడి నేలకు అద్భుతంగా అలవాటుపడింది. సన్నని గింజ, మంచి అన్నం దాని బలం. ఎత్తుగా పెరిగి పడిపోవడం దాని లోపం.

ఆ లోపాన్ని సరిదిద్దిన రెండు వంగడాలు డెల్టా ముఖాన్ని మార్చాయి. మార్టేరులో వశిష్ఠ, మసూరి సంకరం నుంచి వచ్చిన ఎం.టి.యు. 7029 'స్వర్ణ' పేరుతో 1982లో విడుదలైంది. బాపట్లలో రూపొందిన బి.పి.టి. 5204 'సాంబ మసూరి' 1986లో వచ్చింది. స్వర్ణ తూర్పు భారతమంతటా వ్యాపించింది. సాంబ మసూరి తెలుగువారి సన్నబియ్యానికి పర్యాయపదమైంది. రెండూ దాదాపు 150 రోజుల పంటలు. ఈ కాలపరిమితికి ఉన్న ప్రాధాన్యం మినుము ప్రస్తావనలో తెలుస్తుంది.

శివారు భూముల్లో ఈ వంగడాలకు ఒక హద్దు ఉంది. వరి మొలకెత్తే దశలో కొంత ఉప్పును తట్టుకుంటుంది. లేత నారు దశలోనూ పూత దశలోనూ తట్టుకోలేదు. నేలలోని ద్రావణపు ఉప్పు లీటరుకు సుమారు 2 గ్రాములు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మచిలీపట్నంలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఈ హద్దు మీదనే పనిచేసింది. అక్కడినుంచి వచ్చిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 101, ఎం.సి.ఎం. 103 వంటి వంగడాలు చౌడును కొంతమేరకు ఓర్చుకొనేవి. రాష్ట్రమంతటా పేరు పొందిన వంగడాల పక్కన ఇవి చిన్నవిగా కనబడవచ్చు. శివారు రైతుకు మాత్రం పంట ఉండడానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఇవే.

ఓర్పుకు కూడా ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందన్న విషయం ఇక్కడ గమనింపదగినది. చౌడును ఓర్చే వంగడం ఉప్పు పెరుగుదల నెమ్మదిగా, కొద్దిగా ఉన్నచోట రైతును ఆదుకుంటుంది. ఏటేటా ఉప్పు పెరిగే పొలంలో అది కొంత గడువును మాత్రమే ఇస్తుంది.

4. జన్యుస్థాయిలో విత్తనం

1990ల తరువాత వరి పరిశోధన మొక్కను చూసి ఎంచుకొనే దశ నుంచి జన్యువును గుర్తించి ఎంచుకొనే దశకు చేరింది. ఈ మార్పులో డెల్టా వంగడాలకు ముఖ్యమైన స్థానం ఉంది.

సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు ప్రధాన శత్రువు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఆ తెగులును నిరోధించే మూడు జన్యువులను జన్యు సూచికల సాయంతో సాంబ మసూరిలోకి చేర్చాయి. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. 2008లో విడుదలైన ఈ మెరుగుపరచిన సాంబ మసూరి జన్యుమార్పిడి పంట కాదు. సాధారణ సంకరం ద్వారానే పుట్టింది. ఏ పిలకలో కోరిన జన్యువు ఉందో పరీక్ష ద్వారా తెలుసుకోవడమే ఇందులోని కొత్తదనం.

స్వర్ణ కథ ఇంకా విస్తృతమైనది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే పాత వంగడం రెండు వారాల వరకు నీట మునిగినా బతుకుతుంది. ఆ గుణానికి కారణమైన సబ్1 జన్యువును 2006లో పరిశోధకులు విడమరచి ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానిని స్వర్ణలోకి చేర్చింది. 'స్వర్ణ సబ్1' 2009లో భారతదేశంలో విడుదలైంది. మార్టేరు విత్తనం, ఒడిశా రైతు కాపాడిన గుణం, అంతర్జాతీయ ప్రయోగశాల కలిసిన ఉదాహరణ ఇది.

మూడో ఉదాహరణ కృష్ణా ముఖద్వారంలోనూ పెరిగే మడ చెట్టు. మద్రాసులోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థలో అజయ్ పరిడా బృందం తెల్లమడ నుంచి ఉప్పును తట్టుకొనే జన్యువులను వేరుచేసి వరిలో ప్రవేశపెట్టింది. ఈ జన్యుమార్పిడి వరి ప్రయోగదశ దాటి రైతు పొలానికి చేరలేదు. అయితే అదే సంస్థ అదే మడ అడవుల్లో చేసిన మరొక పని ఇంతకంటే ఎక్కువ ఫలితాన్నిచ్చింది. దానిని 8వ విభాగంలో చర్చిస్తాను.

5. కోతకు ముందు చల్లే మినుము

ప్రయోగశాలలో పుట్టని ఒక గొప్ప సేద్య విధానం ఈ డెల్టాలో ఉంది. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే, బురద తేమలో మినుము చల్లుతారు. దున్నకం లేదు. తడి లేదు. వరి కోసేసరికి మినుము మొలిచి ఉంటుంది. నల్లరేగడిలో మిగిలిన తేమతో, మంచుతో, రెండున్నర నెలల్లో పంట చేతికి వస్తుంది. వరి తరువాత నేలను ఖాళీగా ఉంచకపోవడం వల్ల పైకి పాకే ఉప్పుకు కూడా కొంత అడ్డు ఏర్పడుతుంది.

పరిశోధన ఇక్కడ రైతు విధానాన్ని అనుసరించింది. గుంటూరు దగ్గరి లాం ఫారం నుంచి వచ్చిన ఎల్.బి.జి. వంగడాలు వరి మాగాణుల కోసమే ఎంపికైనవి. బూడిద తెగులును తట్టుకొన్న ఎల్.బి.జి. 17 'కృష్ణయ్య'గా రైతుల నోట నిలిచింది. తరువాత దివిసీమలోని ఘంటసాల పరిశోధన స్థానం నుంచి జి.బి.జి. 1 వచ్చింది. మినుమును అల్లుకొని పీల్చే బంగారుతీగ కలుపుపై జరిగిన పరిశోధన కూడా ఈ విధానానికే ప్రత్యేకమైనది. దున్నని పొలంలో, మొలిచిన పైరు మధ్య, ఇసుకలో కలిపి మందు చల్లే పద్ధతులను ఇక్కడి పరిస్థితికి అనుగుణంగా రూపొందించారు.

ఈ విధానం మొత్తం ఒక తేదీ మీద ఆధారపడి ఉంటుంది. జూన్, జూలైలలో కాలువ వదిలితే 150 రోజుల వరి నవంబరు, డిసెంబరులో కోతకు వస్తుంది. మినుముకు చలి దొరుకుతుంది. కాలువ ఆగస్టుకు జరిగితే మినుము జనవరికి జరుగుతుంది. అప్పుడు తేమ తక్కువ, పూతనాటికి ఎండ ఎక్కువ, పల్లాకు తెగులు ఉధృతం. ఎగువన జలాశయాలు పెరిగాక, ముఖ్యంగా 2001 నుంచి 2004 వరకు వచ్చిన నీటి కొరత ఏళ్లలో, ఈ తేదీ తప్పడం డెల్టాకు అనుభవంలోకి వచ్చింది. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు ప్రకాశం బ్యారేజీకి చేరడం ఈ తేదీని కొంతవరకు వెనక్కి తెచ్చింది. ఏ మేలైన మినుము వంగడమూ తప్పిన కాలువ తేదీని సరిదిద్దలేదు. ఈ వ్యాసంలోని ప్రతిపాదనకు ఇది తొలి స్పష్టమైన ఆధారం.

6. చేప విత్తనం: గుడివాడ, కొల్లేరు

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నదిలో గుడ్లు పెట్టే చేపలు. చెరువులో పెరుగుతాయిగాని పిల్లలు పెట్టవు. అందువల్ల చేపల సాగు చాలాకాలం నదిలో దొరికే పిల్లల మీద ఆధారపడింది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ చేపలను చెరువు పరిసరాలలోనే గుడ్లు పెట్టించారు. ఆ రోజును దేశం చేపల రైతుల దినంగా పాటిస్తుంది. చేప పిల్ల అప్పుడు 'విత్తనం' అయింది. కోరిన వేళకు, కోరిన సంఖ్యలో దొరికే వస్తువుగా మారింది.

1970ల రెండో భాగంలో కొల్లేరు గర్భంలో సహకార సంఘాల పేరిట చేపల చెరువులు మొదలయ్యాయి. ఆ తరువాత కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, గుడివాడ వైపు వరి పొలాలు చెరువులుగా మారాయి. ప్రభుత్వ పరిశోధన సిఫారసు చేసినది ఆరు జాతుల చేపలను కలిపి పెంచే మిశ్రమ సాగు. కొల్లేరు రైతులు దానిని యథాతథంగా స్వీకరించలేదు. కలకత్తా మార్కెట్టు కోరేది శీలావతి, బొచ్చె అని గ్రహించి శీలావతిని ఎక్కువగా, బొచ్చెను తక్కువగా వేశారు. పిల్లలను ఇరుకు చెరువుల్లో ఏడాదిపాటు ఎదుగుదల ఆపి ఉంచి, తరువాత పెద్ద చెరువులోకి వదిలి వేగంగా పెంచారు. నూనె తీసిన తవుడును రంధ్రాలు చేసిన సంచుల్లో నింపి వెదురు గెడలకు కట్టి మేత పెట్టారు. చేప తనకు కావలసినంత లాక్కుతింటుంది. మేత వృథా తగ్గుతుంది. మిగిలిన సంచిని చూస్తే చేప ఆరోగ్యం తెలుస్తుంది. శాస్త్ర సాహిత్యం తరువాతి కాలంలో ఈ పద్ధతులను ఆంధ్ర విధానంగా నమోదు చేసింది.

ప్రయోగశాల పాత్ర కూడా చిన్నది కాదు. భువనేశ్వర్ దగ్గరి కేంద్రీయ మంచినీటి జలసాగు సంస్థ 1992లో నార్వే సహకారంతో శీలావతిపై వరణ ప్రజననం మొదలుపెట్టింది. దాని ఫలితమైన 'జయంతి' 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవ వేళ విడుదలైంది. ఉంగుటూరు మండలం మాణికొండలో రాజీవ్ గాంధీ జలసాగు కేంద్రం మెరుగుపరచిన తిలాపియా పిల్లల ఉత్పత్తిని చేపట్టింది.

ఇక్కడ కూడా విత్తనం మెరుగుపడింది, నీరు చిక్కుపడింది. కొల్లేరు ఎగువ వాగుల వరదను పట్టి ఉంచి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే సహజమైన తొట్టి. చెరువు గట్లు ఆ తొట్టిని ముక్కలు చేశాయి. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాలో చేర్చారు. 2005–06లో అభయారణ్య పరిధిలోని చెరువు గట్లను కొట్టివేశారు. చేపకు ఎంత మేత కావాలో తేల్చిన పరిశోధన ఉన్నా, ఒక సరస్సు ఎన్ని గట్లను భరించగలదన్న ప్రశ్న న్యాయస్థానాలకు, పొక్లెయిన్లకు మిగిలింది.

7. రొయ్య విత్తనం, మురుగు కాలువ

1980ల చివర టైగర్ రొయ్య తీరానికి వచ్చింది. కోడూరు, నాగాయలంక, మచిలీపట్నం, బంటుమిల్లి, కృత్తివెన్ను మండలాల్లోని పర్ర భూములు, వాటి పక్కనున్న శివారు వరి పొలాలు చెరువులయ్యాయి. సముద్రంలో పట్టిన తల్లిరొయ్యల నుంచి హేచరీలు పిల్లలను తీసేవి. 1994–95లో తెల్లమచ్చల వ్యాధి ఈ సాగును కూల్చింది. వైరస్ తల్లిరొయ్యలోనే ఉండి పిల్లకు చేరేది. ఒక చెరువులో చచ్చిన రొయ్య నీరు మురుగు కాలువలో పడి పక్క చెరువుకు తోడిన నీటిలో తిరిగి వచ్చేది.

1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూములను, ఉప్పు మడులను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పింది. 2005లో తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. ఈ మధ్యకాలంలో రైతులు మంచినీటి నీలకంఠ రొయ్య వైపు మళ్లారు. దానికి తెల్లతోక వ్యాధి తగిలింది. 2009లో అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన వనామీ రొయ్యకు వాణిజ్య అనుమతి లభించింది. వ్యాధి లేని తల్లిరొయ్యలను దిగుమతి చేసుకొని చెన్నైలో నిర్బంధ పరీక్ష జరిపి హేచరీలకు ఇచ్చే వ్యవస్థ ఏర్పడింది. మరోసారి సమాధానం విత్తనమే.

వనామీ తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది. ఈ సుగుణం వల్లనే అది తీరం నుంచి లోపలికి, మంచినీటి ఆయకట్టులోకి నడిచింది. ఇక్కడ కొన్ని అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. టైగర్ రొయ్యకు అనువైనది 10 నుంచి 25. వరికి నష్టం మొదలయ్యేది సుమారు 2. ఒక గట్టుకు అటు పది, ఇటు రెండు ఉండవలసిన స్థితిలో ఆ గట్టు ఎంత దృఢమైనా ఊట ఆగదు. పట్టుబడి నాడు చెరువు నీరు మురుగు కాలువలోకి పోతుంది. ఆ కాలువ నుంచే శివారు రైతు కొరత రోజుల్లో నీరు తోడుకొంటాడు. చెరువు పక్క వరి రైతు రెండు మూడేళ్లు నష్టపోయి తన పొలాన్నీ లీజుకిస్తాడు. అది ఇష్టపూర్వకమైన మార్పుగా లెక్కల్లోకి ఎక్కుతుంది. నాట్లు, కలుపు, కోతల మీద బతికిన కూలి స్త్రీలకు చెరువు గట్టున పని దొరకదు. ఊరి మంచినీటి చెరువు ఉప్పుబారితే బిందె నీటికి డబ్బు పెట్టవలసినవారు కూడా వారే.

ఈ ప్రాంతంలో ఉప్పు మెట్టుమెట్టుగా మారే నీటికి తగిన జీవులపై కొంత ఆశాజనకమైన పని జరిగింది. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలసాగు సంస్థ 1997లో పండుగప్పను నిర్బంధంలో గుడ్లు పెట్టించింది. మంచినీటి నుంచి సముద్రపు నీటి వరకు తట్టుకొనే పండుగప్ప సాగుకు నాగాయలంక పేరు పొందింది.

8. నీటిని ప్రశ్నించిన పరిశోధనలు

ప్రధాన ధారకు భిన్నంగా, నీటి కదలికనే ప్రశ్నగా తీసుకొన్న మూడు ప్రయత్నాలు ఈ ప్రాంతంలోనూ, దాని పొరుగునా జరిగాయి.

మొదటిది మడ అడవుల పునరుద్ధరణ. క్షీణించిన చోట మొక్కలు నాటినా బతకకపోవడానికి కారణం నేల మధ్యలో పల్లమై, పోటు నీరు చేరక, చేరినది తిరిగి పోక, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకోవడమని స్వామినాథన్ సంస్థ పరిశోధకులు గుర్తించారు. 1990ల చివరి నుంచి కోరింగ, కృష్ణా ముఖద్వారాలలో అటవీశాఖ, మత్స్యకార గ్రామాలతో కలిసి చేప ముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వారు. ఆటుపోట్లు మళ్లీ లోపలికి వచ్చి ఉప్పు కడుక్కుపోయింది. నాటిన మడ నిలిచింది. మడ చెట్టు జన్యువు పొలానికి చేరలేకపోయినా, నీరు కదలాలన్న పాఠం తీరానికి చేరింది.

రెండోది భూగర్భ మురుగు పారుదల. 1995–2002 మధ్య కర్నాల్‌లోని కేంద్రీయ నేల లవణీయత పరిశోధన సంస్థ సమన్వయంతో నడిచిన భారత–డచ్చి పథకంలో బాపట్ల ఒక కేంద్రం. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో పొలం అడుగున రంధ్రాల గొట్టాలు పరచి ఉప్పునీటిని బయటికి తీశారు. చౌడు నేల తిరిగి సాగులోకి రాగలదని ఇది చూపింది. బయటికి తీసిన ఉప్పునీరు ఏ కాలువలో కలవాలన్న చిక్కు కూడా చూపింది. అందుకే దీనిని ఒక్క రైతు తన పొలానికి మాత్రమే అమర్చుకోలేడు.

మూడోది రొయ్యల రైతుల సంఘాలు. ఉప్పుటేరుకు అవతల, పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో 2002 ప్రాంతంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఆసియా పసిఫిక్ జలసాగు కేంద్రాల సమాఖ్య కలిసి ఒక గ్రామ ప్రదర్శన పథకాన్ని చేపట్టాయి. ఒకే మురుగు కాలువ మీదున్న రైతులు ఒకేసారి పిల్ల వేయడం, పిల్లను ముందే పరీక్షించడం, జబ్బు వస్తే పక్కవారికి చెప్పి నీరు వదలకుండా ఆపడం దాని సారం. 2007లో కాకినాడ కేంద్రంగా ఏర్పడిన సుస్థిర జలసాగు జాతీయ కేంద్రం ఈ సంఘాలను విస్తరించింది. వ్యాధి చెరువుది కాదు, కాలువది అన్న గుర్తింపు ఈ ప్రయత్నానికి మూలం.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. ఏ ఒక్కటీ కొత్త విత్తనాన్ని ఇవ్వలేదు. ప్రతి ఒక్కటీ ఇరుగుపొరుగును ఒక నిర్ణయానికి రప్పించింది.

కేరళలోని పొక్కాలి పొలాలు ఇక్కడ పోల్చదగినవి. అక్కడ వానకాలంలో ఉప్పును ఓర్చే వరి, తరువాత అదే మడిలో రొయ్య. ప్రపంచ వరి పరిశోధనకు ఉప్పును తట్టుకొనే ప్రధాన జన్యుభాగాన్ని ఇచ్చింది ఆ పొక్కాలి వరే. మన పరిశోధన ఆ విత్తనంలోని గుణాన్ని తీసుకొంది. ఆ విత్తనాన్ని పెంచిన నీటి క్రమాన్ని మాత్రం ఇక్కడ నేరుగా అనుకరించడం సాధ్యం కాదు. కేరళ తీరంలో ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా కురిసే వాన నేలను కడుగుతుంది. మచిలీపట్నం వర్షపాతం అందులో సగానికి కూడా చేరదు. ఇక్కడ ఆ పని కాలువ చేయాలి. ఆ కాలువ సకాలంలో రావాలి.

9. మాటలు చెప్పే చరిత్ర

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు అంకితమైనది. ఆ పదకోశం వెలువడిన కాలానికి డెల్టాలో చేపల సాగు ఒక వృత్తిగా స్థిరపడలేదు. తరువాతి అరవై ఏళ్లలో వ్యవసాయపు మాటలే జలసాగుకు వలసవెళ్లాయి.

'చెరువు' అంటే ఊరుమ్మడి నీటివనరు. నేడు గుడివాడ వైపు చెరువు అంటే ఒకరి పట్టా పొలంలో గట్టుకట్టిన మడుగు. 'చెరువు తవ్వించాడు' అన్న మాట ఒకప్పుడు పుణ్యకార్యాన్ని సూచించేది, ఇప్పుడు పెట్టుబడిని సూచిస్తుంది. 'విత్తనం' చేపకు, రొయ్యకు కూడా వర్తించి 'సీడు'గా మారింది. 'పంట' రొయ్యకు నిలిచింది. 'కోత' మాత్రం వలసవెళ్లలేదు. దాని స్థానంలో వేటకు చెందిన 'పట్టుబడి' వచ్చింది. వరి రైతుకు 'తడి' ఎంత ముఖ్యమో రొయ్యల రైతుకు 'కౌంటు' అంత ముఖ్యం. 'పోటు', 'పాటు', 'మొగ', 'పర్ర', 'తిప్ప' వంటి తీరపు మాటలు ఉప్పు, మంచినీటి కలయికను సూక్ష్మంగా చెప్పగలిగినవి. ఆ మాటలు తెలిసిన వృద్ధ మత్స్యకారులు, శివారు రైతులు తగ్గిపోతున్నారు.

సాగు పద్ధతులు మారినా పాత మాటలు నిలవడం, రైతు తన పనిని ఒకే సేద్యంగా చూస్తున్నాడనడానికి గుర్తు. సంస్థలు విడదీసినదానిని భాష విడదీయలేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. దిగువ కృష్ణా డెల్టాలో వరి, మినుము, చేప, రొయ్య పరిశోధనలు వేర్వేరు సంస్థలలో, వేర్వేరు కాలాలలో పెరిగాయి. ప్రతి శాఖా తన పరిధిలో గణనీయమైన విజయాలు సాధించింది. స్వర్ణ, సాంబ మసూరి, జయంతి శీలావతి ఇందుకు నిదర్శనాలు.

2. సంకటం వచ్చిన ప్రతిసారీ సమాధానం కొత్త విత్తనంగా వచ్చింది. విత్తనాన్ని సంచిలో పెట్టి ఒక్కొక్క రైతుకు ఇవ్వవచ్చు. నీటిని అలా ఇవ్వలేము. పరిశోధన మొదటిదానివైపు మొగ్గడానికి ఇది ఒక ముఖ్యకారణం.

3. మినుము తేదీ, కొల్లేరు గట్లు, రొయ్యల వ్యాధి, చౌడు అనే నాలుగు సమస్యలకూ మూలం కాలువ, మురుగు కాలువల క్రమంలో ఉంది. మడ అడవుల పునరుద్ధరణ, భూగర్భ మురుగు పారుదల, రొయ్యల రైతుల సంఘాలు ఈ మూలాన్ని తాకి ఫలితం చూపాయి.

4. కోతకు ముందు చల్లే మినుము, సంచి మేత వంటివి రైతుల ఆవిష్కరణలు. పరిశోధన వాటిని అనుసరించినప్పుడు బలపడింది.

కాబట్టి ఇకపై ఈ ప్రాంతంలో పరిశోధనకు ప్రమాణం పంట కాక, ఒక మురుగు కాలువ పరీవాహకం కావాలి. ఒకే కాలువ మీదున్న వరి, మినుము, చేప, రొయ్య, మంచినీటి చెరువులను ఒకే లెక్కలో చూడాలి. ఎక్కడ ఉప్పునీటి సాగు ఉండవచ్చు, ఎక్కడ ఉండకూడదు అన్న నిర్ణయం ఆ లెక్క నుంచి రావాలి. తెలుగు శాఖల పరిశోధకులకూ ఇందులో పని ఉంది. ఉప్పు, మంచినీరు, ఆటుపోట్లు, చౌడు గురించి శివారు గ్రామాల్లో మిగిలిన మాటలను ఇప్పుడే సేకరించాలి. ఏ నెలలో ఏ మొగ నుంచి ఎంతదూరం ఉప్పు ఎక్కేదో చెప్పగలిగే జ్ఞాపకం ఆ మాటల్లోనే ఉంది. యంత్రాలు పెట్టకముందటి కాలానికి ఈ నేల దగ్గర ఉన్న కొలమానం అది.